కాలువ కట్టేసిన రోజులు

స్వర్ణోత్సవ సంచికకు బడి చరిత్రలోంచి ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. బడి ఎలా మొదలైందో, ఏ హెడ్మాస్టరు ఎప్పుడు పనిచేశారో నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఉన్నారు. నేను బడి మూసి ఉన్న రోజుల చరిత్ర రాస్తాను.

మనది కృష్ణా పశ్చిమ డెల్టా. ఎండలు ముదిరాక కాలువలు కట్టేసేవారు. ఇంచుమించు అప్పుడే బడీ మూసేవారు. చిన్నతనంలో రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. ఇంజనీరునై నీటిపారుదల శాఖలో చేరాక కాని తెలియలేదు, కాలువ కట్టేసిన రోజుల్లోనే మాకు అసలు పని. పూడిక తీయాలి, గట్లు బాగుచేయాలి, షట్టర్లు చూసుకోవాలి. ఆ పని జరగని ఏడాది పైనుంచి ఎన్ని నీళ్లు వదిలినా చివరి చేలకు అందవు.

చదువు విషయంలో ఈ సంగతి మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు పూనుకుని పిలిచిన సభ అది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. బడి గోడ దాటితే చదువు ఆగిపోకూడదన్నది వాళ్ల పట్టుదల. చదువు రానివాళ్లకు చదివి వినిపించడం కూడా గ్రంథాలయం పనే అనుకున్నారు.

మన ప్రాంతానికి ఇందులో ప్రత్యేకమైన వాటా ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారు, పెదపాలెం మిత్రులు కలిసి కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పడవ ప్రయాణికులూ, గట్టు మీది ఊళ్లవాళ్లూ పుస్తకాలు తీసుకునేవారు. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలి. ఇంత చిన్న సూత్రం కోసం వాళ్లు పడవ కట్టారు. తర్వాత 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టంతో ఆ ఉద్యమ ఫలం ప్రభుత్వ బాధ్యత అయింది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనం ఇప్పటికీ కడుతూనే ఉన్నాం.

పిల్లల కోసం ఇంకో దారి కూడా వేశారు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలోను, తర్వాత హైదరాబాదులోను పిల్లల కార్యక్రమాలు నడిపారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. 1947 జూలైలో ‘చందమామ’ వచ్చింది. మా తరం నాటికి బొమ్మరిల్లు, బాలమిత్ర తోడయ్యాయి. ఒక ఇంట్లో కొంటే పది ఇళ్లు తిరిగేవి. అట్ట ఊడిపోయి, చివరి పేజీ లేని కథలకు ముగింపు మేమే చెప్పుకునేవాళ్లం. దాన్ని చదువు అని ఎవరూ అనలేదు, అందుకే చదివాం.

మన బడిలో ఈ చరిత్ర ఒక ఆకుపచ్చ ఇనప బీరువా రూపంలో ఉండేది. తాళంచెవి తెలుగు మాస్టారి దగ్గర. ఏప్రిల్‌లో ఆఖరి రోజు ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చాక, వరసగా నిలబెట్టి తలా రెండు పుస్తకాలు ఇచ్చేవారు. సెలవుల్లో వారానికోసారి వాళ్లింటి అరుగు మీద మార్చుకోవచ్చు. “కథ చెప్పరా, ఇంకోటి ఇస్తాను” అనేవారు. అంతకుమించి పరీక్ష లేదు. రష్యన్ రచయిత పెరెల్మాన్ భౌతికశాస్త్రం పుస్తకం తెలుగులో నాకు ఆ అరుగు మీదే దొరికింది. నేను ఇంజనీరును కావడానికి పునాది అక్కడే పడింది.

అయితే ఆ అరుగు అందరికీ అందలేదు. ఇది రాయకపోతే నా చరిత్ర అబద్ధమవుతుంది.

ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చునేవాడు లెక్కల్లో నాకంటే చురుకు. 1982 వేసవిలో, సెలవుల్లో ఖాళీగా తిరగడమెందుకని వాళ్ల నాన్న వాణ్ణి ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పెట్టాడు. వాడు పుస్తకాలు మార్చుకోవడానికి రావడం మానేశాడు. మాస్టారు నాకు ఒక పుస్తకం ఇచ్చి, “వాడికి ఇచ్చి రా, ఓసారి నన్ను కలవమన్నానని చెప్పు” అన్నారు. వాళ్ల ఇల్లు రెండు కిలోమీటర్లు. ఎండ అని ఒకరోజు, క్రికెట్ అని ఒకరోజు, చివరికి నేను వెళ్లలేదు. జూన్‌లో బడి తెరిచారు, వాడు రాలేదు. వారానికి కొంత డబ్బు ఇంటికి రావడం మొదలయ్యాక ఎవరూ వాణ్ణి వెనక్కి పంపలేదు. నేను వెళ్లి ఉంటే వచ్చేవాడా? చెప్పలేను. పుస్తకం తిరిగి ఇచ్చినప్పుడు మాస్టారు నన్ను ఏమీ అనలేదు. అదే ఇప్పటికీ గుర్తుంది.

చాలా ఏళ్ల తర్వాత బార్బరా హేన్స్ అనే అమెరికన్ పరిశోధకురాలి గురించి చదివాను. అట్లాంటా నగరపు పిల్లల మీద ఆమె చేసిన అధ్యయనం 1978లో పుస్తకంగా వచ్చింది. బడి నడిచే రోజుల్లో కంటే సెలవుల్లోనే కలిగిన పిల్లలకూ లేని పిల్లలకూ మధ్య తేడా పెరుగుతోందని ఆమె గమనించారు. వేసవిలో చదివిన పుస్తకాల సంఖ్య, ఇంటికీ గ్రంథాలయానికీ ఉన్న దూరం కూడా అందులో లెక్కకు వచ్చాయి. నష్టం ఎంత అన్నదాని మీద తర్వాతి పరిశోధకుల్లో భేదాభిప్రాయాలు ఉన్నాయి. నాకు మాత్రం దూరం అన్న మాట దగ్గర ఆ రెండు కిలోమీటర్లే కనిపించాయి.

మనవైపు పిల్లలకు సమస్య పాఠం మరిచిపోవడం ఒక్కటే కాదు, బడికే తిరిగి రాకపోవడం. దీన్ని బాగా పట్టుకున్నది రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్. శాంతా సిన్హా గారి నాయకత్వంలో, పనుల్లో ఉన్న పిల్లలను శిబిరాలకు తెచ్చి, చదువు అందించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. 1990ల చివర ప్రభుత్వం కూడా, వేసవిలో ఖాళీగా ఉండే సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఇలాంటి శిబిరాలు నడిపింది. సెలవుల్లో ఖాళీ గదులను బడి మానేసిన పిల్లలకు దారిగా మార్చారు. బడి మానిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. కాని మా 1982కు ఇవేవీ అందలేదు.

గత సమావేశానికి నా మిత్రుణ్ణి నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. ఇప్పుడు సొంత షెడ్డు ఉంది, పిల్లలను చదివించుకున్నాడు. వెనక వరసలో కూర్చున్నాడు. “నేను పది పాసవ్వలేదు గదరా, నేనూ పూర్వ విద్యార్థినేనా?” అని అడిగాడు. ఇంటికెళ్లి మన సంఘం రిజిస్టరు చూశాను. అందులో పదో తరగతి పూర్తిచేసినవాళ్ల పేర్లే ఉన్నాయి.

కాబట్టి స్వర్ణోత్సవ వేళ సంఘానికి మూడు మనవులు. మొదటిది, ఈ బడిలో ఒక్క ఏడాది చదివినా ఆ పేరు రిజిస్టరులో ఉండాలి. రెండోది, ఏప్రిల్ 24 నుంచి బడి తెరిచేవరకు వారానికి మూడు సాయంత్రాలు ఆ బీరువా తెరిచి ఉంచాలి. వంతులవారీగా మనమే కూర్చుందాం. ట్యూషన్ వద్దు, పరీక్ష వద్దు, పిల్లలకు నచ్చిన పుస్తకం వాళ్లే తీసుకోవాలి. మూడోది, మే నెలలో రాని పిల్లల జాబితా రాసుకుని, జూన్‌లో బడి తెరవక ముందే వాళ్ల ఇళ్లకు వెళ్లాలి.

మొదటి వారం వంతు నాకు రాయండి. దూరంగా ఉన్న ఇళ్ల జాబితా కూడా నాకే ఇవ్వండి.