గుర్రానికి లాడం ఎందుకు?

మా తాతయ్యకి రెండు జతల ఎడ్లుండేవి. ఒక జత బండికి, ఇంకో జత దుక్కికి. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడు ఒకసారి బండి ఎడ్లకి లాడాలు కొట్టడం చూశాను. ఎద్దుని తాళ్ళతో పడేసి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టేసి, గిట్టకి రెండేసి ఇనప ముక్కలు పెట్టి మేకులు దిగ్గొడుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. "తాతయ్యా, దానికి నెప్పి పుట్టదా?" అంటే "గోళ్ళు తీసుకుంటే నీకు నెప్పి పుడుతుందేంట్రా?" అన్నాడు. మరి దుక్కి ఎడ్లకి ఎందుకు కొట్టించవని అడిగాను. "అవి తిరిగేది మెత్తటి మట్టిలో. ఇవి చెరుకు తోలేది తారు రోడ్డు మీద. కాళ్ళు అరిగిపోవూ?" అని తేల్చేశాడు.

ఆ మాట నేను పూర్తిగా మర్చిపోయాను. మళ్ళీ గుర్తొచ్చింది 2021లో. ఇంట్లోంచి పని చేసే రోజులు. ఒక పక్కన బిల్డ్ నడుస్తోంది, ఇంకో పక్కన టోక్యో ఒలింపిక్స్ నడుస్తున్నాయి. గుర్రాలు కర్రల మీంచి దూకే పోటీ. అందులో స్వీడన్ రౌతు పెడెర్ ఫ్రెడ్రిక్సన్ గుర్రం 'ఆల్ ఇన్' కాళ్ళకి లాడాలు లేవు! అదే జట్టులో 'కింగ్ ఎడ్వర్డ్' అనే ఇంకో గుర్రానిదీ అదే సంగతి. లాడాల్లేని ఆల్ ఇన్ వ్యక్తిగత పోటీలో వెండి పతకం తెచ్చింది, జట్టుకి బంగారం వచ్చింది.

గుర్రం అన్నాక లాడం ఉండాలి కదా? బొమ్మ గీసినా లాడం గీస్తాం. గుమ్మానికి మేకు కొట్టి తగిలించుకునేదీ అదే. మరి లేకుండా ఎలా? అలా మొదలైన తవ్వకం వారం రోజులు నడిచింది. ఆ తవ్వకంలో దొరికిన కథ ఇది.

ముందు కాలు సంగతి. గుర్రం నడిచేది ఒంటి వేలి మీద. మన మధ్యవేలికి సమానమైన వేలు ఒక్కటే మిగిలి, దాని గోరు చుట్టూ పెరిగి డెక్క అయింది. చుట్టూ ఉండే గట్టి భాగం గోడ. అది నెలకి సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందు వైపు పైనుంచి కిందకి పూర్తిగా కొత్త గోడ దిగడానికి దాదాపు ఏడాది పడుతుంది. అడుగున మధ్యలో, మడమ వైపు నుంచి ముందుకి, బాణం మొనలా రబ్బరు లాంటి భాగం ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని ఫ్రాగ్ అంటారు. కప్పకీ దానికీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. పాత గ్రీకులు మాత్రం చీలిన తోక ఉండే ఒక పిట్ట పేరు పెట్టారు, అది కాస్త నయం. గుర్రం బరువు వేసినప్పుడు డెక్క వెనక భాగం కొంచెం విచ్చుకుంటుంది, కాలెత్తగానే మళ్ళీ దగ్గరకొస్తుంది. అదుర్ని పీల్చుకునే ఏర్పాటన్నమాట. మేకులు దిగేది నొప్పి తెలియని గోడలోకే కాబట్టి తాతయ్య చెప్పిన గోళ్ళ పోలిక కరెక్టే. కానీ విచ్చుకోవాల్సిన దాని కింద ఒక ఇనప చట్రం బిగిస్తే ఏమవుతుంది? గొడవంతా అక్కడే ఉంది.

ఇక చరిత్ర. మనిషి గుర్రాన్ని మచ్చిక చేసుకుని నాలుగు వేల ఏళ్ళు దాటింది. మేకులతో కొట్టే లాడం ఐరోపాలో మామూలైపోయి సుమారు వెయ్యేళ్ళు. అంటే ఎక్కువ కాలం గుర్రాలు ఉత్త కాళ్ళతోనే యుద్ధాలు చేశాయి. అస్సీరియా రథాలు, అలెగ్జాండర్ దళాలు, అన్నీ అలాగే.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో జెనోఫోన్ అనే గ్రీకు సైనికుడు గుర్రాల పెంపకం మీద ఒక పుస్తకం రాశాడు. గుర్రం కొనేటప్పుడు ముందు కాళ్ళే చూడమంటాడు, పునాది బాగోలేని ఇల్లు ఎందుకు పనికొస్తుందని. అందులో లాడం ప్రస్తావనే లేదు. దాని బదులు ఆయన చెప్పిన ఉపాయం చూడండి. గుర్రపుశాల బయట పిడికిలంత సైజు గుండ్రాళ్ళు నాలుగైదు బళ్ళు పోయించండి, చెదిరిపోకుండా చుట్టూ ఇనప అంచు కట్టండి, రోజూ కాసేపు గుర్రాన్ని వాటి మీద నిలబెట్టండి. ఈగలు కుట్టినప్పుడు, మాలీషు చేసేటప్పుడు అది ఊరికే ఉండదు కదా, కాళ్ళు కదుపుతూనే ఉంటుంది. డెక్కలు వాటంతట అవే గట్టిపడతాయి. ఇనుము ఆయన దగ్గరా ఉంది. కానీ దాన్ని గుర్రం కాలికి కాదు, నేలకి వాడాడు!

అలాగని అదేదో స్వర్ణయుగం అనుకోకండి. క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ సైన్యం మన బియాస్ నది ఒడ్డున ఆగిపోయి వెనక్కి తిరిగింది కదా. అప్పటి పరిస్థితి గురించి రాస్తూ డయోడోరస్ అనే చరిత్రకారుడు, ఆగకుండా నడిచి నడిచి గుర్రాల డెక్కలు అరిగిపోయాయంటాడు. వేల మైళ్ళ నడకకి ఉత్త కాళ్ళు తట్టుకోలేదు. పెరిగే వేగం కన్నా అరిగే వేగం ఎక్కువైతే ఎంత మంచి డెక్కయినా ఓడిపోతుంది. కాబట్టి "ప్రకృతి ఇచ్చిందే చాలు" అనే వాళ్ళు ఈ బియాస్ ఒడ్డు కథ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

రోమన్లు రాళ్ళు పరిచిన రోడ్లు వేశారు. దాంతో సమస్య పెరిగింది. వాళ్ళ పరిష్కారం హిప్పోశాండల్, అంటే గుర్రపు చెప్పు. ఇనప పళ్ళెం లాంటిది, తాళ్ళతోనో తోలు పట్టీలతోనో కట్టేవాళ్ళు. అవసరమైతే కట్టు, లేకపోతే విప్పు. మేకుల్లేవు.

మేకుల లాడం ఎవరు కనిపెట్టారో చెప్పే పేరు ఏదీ లేదు. క్రీ.శ. 900 ప్రాంతంలో బైజాంటియం చక్రవర్తి ఆరవ లియో పేరున ఉన్న యుద్ధ గ్రంథంలో, సైన్యానికి ఉండాల్సిన సామాను లిస్టులో నెలవంక ఆకారపు ఇనప లాడాలూ వాటి మేకులూ కనిపిస్తాయి. ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్ళలో ఐరోపా అంతా పాకిపోయింది. కారణాలు అర్థం చేసుకోవడం కష్టం కాదు. చలి, తడి నేలల్లో డెక్క నాని మెత్తబడుతుంది. రోజంతా శాలలో కట్టేసిన గుర్రం పేడలో, మూత్రంలో నిలబడుతుంది. అలాంటి గుర్రాన్ని ఒక్కసారిగా బయటికి తెచ్చి, ఇనప కవచం వేసుకున్న మనిషిని ఎక్కించి రాళ్ళ దారిలో పరిగెత్తించాలి. లాడం ఆ రోజుకి ఆ సమస్యని నిజంగానే తీర్చింది.

మన ఫీల్డులో వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. "ప్రస్తుతానికి ఇలా కానిద్దాం, తర్వాత చూద్దాం" అని పెట్టిన కోడే పదేళ్ళు బతుకుతుంది. పెట్టినవాడు కంపెనీ మారిపోతాడు. ఎందుకు పెట్టాడో రాసిపెట్టడు. తర్వాత వచ్చినవాళ్ళు దాని మీదే ఇంకో నాలుగు అంతస్తులు కడతారు. లాడం విషయంలో ఆ "ప్రస్తుతానికి" వెయ్యేళ్ళు సాగింది.

దాన్ని మొదట గట్టిగా ప్రశ్నించినవాళ్ళలో ఒకడు బ్రేసీ క్లార్క్ అనే ఇంగ్లీషు పశువైద్యుడు. 1791లో లండన్లో పెట్టిన పశువైద్య కళాశాల తొలి విద్యార్థుల్లో ఒకడు. ఆయన చేసిన పని నాకు భలే నచ్చింది. లాడం కొట్టకముందు ఒక వయసు గుర్రం డెక్కకి అచ్చు తీసి పెట్టుకున్నాడు. లాడాలు వేయడం మొదలయ్యాక మళ్ళీ మళ్ళీ అచ్చులు తీశాడు. పక్కపక్కన పెట్టి చూస్తే, ఏళ్ళు గడిచేకొద్దీ మడమ దగ్గర డెక్క ఇరుకైపోవడం కంటికి కనబడుతోంది. 1809లో ఇవన్నీ అచ్చువేశాడు. డెక్క విచ్చుకోవడానికి వీలుగా కీలు ఉన్న లాడం కూడా తయారు చేశాడు. కానీ లండన్ రాళ్ళ వీధుల్లో రోజంతా బళ్ళు లాగే గుర్రాలకి ఆ సిద్ధాంతం ఏం చేస్తుంది? డెక్కలో జరిగే నష్టం ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. నేలని మాత్రం మార్చలేకపోయాడు.

ఆ తర్వాత యంత్రాలొచ్చాయి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ట్రాయ్ పట్నంలో హెన్రీ బర్డెన్ 1835లో లాడాలు చేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1857 నాటికి ఆయన యంత్రం నిమిషానికి 60 లాడాలు చేసేది. 1861-65 అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం గుర్రాలకి వెళ్ళినవి ఎక్కువగా అవే. సెకనుకొకటి తయారవుతున్న వస్తువు గురించి "అసలు ఇది అవసరమా?" అని ఎవడు అడుగుతాడు చెప్పండి.

మళ్ళీ అడిగినవాడు లాడాలు కొట్టే వృత్తిలోని మనిషే కావడం విశేషం. జైమీ జాక్సన్ అని అమెరికన్. 1982 నుంచి 1986 దాకా గ్రేట్ బేసిన్ అనే పొడి ఎడారి ప్రాంతంలో మస్టాంగ్ గుర్రాల వెంట తిరిగి వాటి డెక్కలు పరిశీలించాడు. ఇవి అడవి జాతి కాదు. స్పెయిన్ వాళ్ళు తెచ్చినవీ, తర్వాత వచ్చినవాళ్ళవీ, తప్పించుకుపోయిన పెంపుడు గుర్రాల సంతానం. అయినా డెక్కలు పొట్టిగా, దళసరిగా, అంచు గుండ్రంగా అరిగి, రాళ్ళ మీద హాయిగా తిరుగుతున్నాయి. ఆయన పుస్తకం 1992లో వచ్చింది. దాన్నుంచే 'నేచురల్ ట్రిమ్' అనే పద్ధతి పాకింది.

ఆ పద్ధతిలో పని ఇలా ఉంటుంది. లాడం కోసం చేసే కత్తిరింపులో ఇనుము కూర్చోడానికి వీలుగా గోడ అంచుని చదును చేస్తారు. ఇక్కడ ఆ చదును అక్కర్లేదు. అడుగున గట్టిపడిన పొరని వీలైనంత వరకు ముట్టుకోరు, ఫ్రాగ్‌ని చెక్కరు. పెరిగిన గోడని మాత్రం తగ్గించి, అంచుని ఆకురాయితో గుండ్రంగా రాస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, కొంచెం కొంచెం. నేల చేయాల్సిన పనిని మనిషి ఆకురాయితో చేస్తున్నాడన్నమాట.

ఇది పనిచేస్తుందా అంటే, చాలా చోట్ల చేసింది. హ్యూస్టన్ పోలీసుల అశ్వదళం 2000ల దశకంలో లాడాలు తీసేసి కాంక్రీటు వీధుల్లోనే గస్తీ తిరిగింది. టోక్యో సంగతి ముందే చెప్పాను.

కానీ ప్రతి ఉద్యమంలోనూ జరిగేదే ఇక్కడా జరిగింది. "లాడం అంటేనే హింస" అనేవాళ్ళు తయారయ్యారు. కొందరు మడమని మరీ కిందకి దించి, అడుగుని మరీ లోతుగా కోసి, గుర్రం నెలల తరబడి కుంటుతుంటే "ఇది మానే దశ" అని సర్దిచెప్పారు. బ్రిటన్లో 1975 చట్టం ప్రకారం రిజిస్టరైన మనిషే లాడం కొట్టాలి. లాడం లేకుండా ఊరికే కత్తిరించడానికి మాత్రం ఆ చట్టం వర్తించదు, ఎవరైనా కత్తి పట్టొచ్చు. కుంటే గుర్రం ఫిర్యాదు చేయలేదు కదా.

మస్టాంగ్ నమూనాకి కూడా పెద్ద దెబ్బ తగిలింది. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో మనుషులకి దూరంగా తిరిగే గుర్రాల డెక్కలు పరీక్షించారు. నేలని బట్టి, నడిచే దూరాన్ని బట్టి ఆకారం మారిపోతోంది. ఇసక నేలలో పొడుగ్గా, రాతి నేలలో పొట్టిగా. పైగా చాలా వాటిలో జబ్బు ఆనవాళ్ళున్నాయి. స్వేచ్ఛగా తిరిగినంత మాత్రాన ఆదర్శ డెక్క వచ్చెయ్యదు. గ్రేట్ బేసిన్ డెక్క గ్రేట్ బేసిన్ నేలకి సరిపోయింది, అంతే. దాన్ని తీసుకొచ్చి తడి పచ్చికలో నిలబడే గుర్రం కాలి మీద చెక్కితే, పక్క ప్రాజెక్టు కాన్ఫిగరేషన్ మన సర్వర్లో పేస్టు చేసినట్టే.

నాకు అర్థమైంది ఇదీ. ఎంతో కాలంగా లాడం ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నారు గానీ, అసలు ప్రశ్న నేల గురించి. గుర్రం దేని మీద నిలబడుతోంది, రోజుకి ఎంత నడుస్తోంది, ఏం తింటోంది? ఉదాహరణకి చక్కెర ఎక్కువున్న పచ్చిగడ్డి ఎక్కువ తిన్న గుర్రానికి, డెక్క గోడకీ లోపలి ఎముకకీ ఉన్న పట్టు సడలే జబ్బు రావచ్చు. కాలికి లాడం ఉన్నా లేకపోయినా దానికి ఒకటే. ఈ మూడూ మార్చకుండా లాడం పీకేస్తే, ఎందుకు పెట్టారో చూడకుండా పాత కోడు లైను డిలీట్ చేసినట్టు. వాటి గురించి ఆలోచించకుండా ఆరు వారాలకోసారి లాడం కొట్టిస్తూ పోవడం, ఆ లైనుని దండం పెట్టి వదిలేసినట్టు. రెండిట్లోనూ నొప్పి భరించేది మనం కాదు. ఇప్పుడు చాలామంది మధ్యే మార్గంగా రబ్బరు బూట్లు వాడుతున్నారు. రాళ్ళ దారిలో తొడుగు, ఇంటికొచ్చాక విప్పు. రెండు వేల ఏళ్ళు తిరిగి మళ్ళీ రోమన్ చెప్పు దగ్గరికే వచ్చాం :)

జెనోఫోన్‌కి ఇది తెలుసు, అందుకే శాల బయట గుండ్రాళ్ళు పోయించమన్నాడు. మా తాతయ్య జెనోఫోన్‌ని చదవలేదు. కానీ ఒకే కొట్టంలో ఉన్న రెండు జతల్లో దేనికి లాడం కావాలో, దేనికి అక్కర్లేదో ఎడ్లని చూసి కాదు, అవి నడిచే దారిని చూసి చెప్పాడు. వారం రోజులు తవ్వి నేను తెలుసుకున్నది, ఆయన ఆ రోజు ఒక్క ముక్కలో చెప్పేసిందే. అప్పుడే వినుంటే సరిపోయేది.