విన్నపపు వాక్యము

గడచిన రెండువందల యేండ్లలో మన దేశమున అన్నిటికంటె నెక్కువగా వ్రాయబడిన ఆంగ్లవాక్యమేది యని యెవరైన నడిగినచో, నేను అర్జీలోని మొదటి వాక్యమునే చూపుదును. "ఐ బెగ్ టు స్టేట్ దట్ ఐ హావ్..." అని అది మొదలగును. ఫలానా పని చేసియున్నానని, ఫలానా కష్టమును పొందియున్నానని మనవి చేసికొన వేడుచున్నాను అని దాని తాత్పర్యము. గుమాస్తా సెలవు కోరినను, పింఛనుదారు బాకీ సొమ్ము కోరినను, బడిపిల్లవాడు జ్వరము వచ్చినదని ప్రధానోపాధ్యాయునకు వ్రాసినను అచ్చు ఒకటే. దీనిని చూచి నవ్వుట మన రచయితలకు అలవాటైనది. నవ్వదగినది కొంత యున్నమాట నిజమే. కాని ఆ కూర్పులో నొక చరిత్ర యున్నది. దానిని పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

వాక్యమునకు కీళ్లు మూడు. ముందు 'వేడుచున్నాను' అను ప్రధానక్రియ; దాని వెంట 'చెప్పుటకు' అను తుమున్నర్థకము; ఆ తుమున్నర్థకమునకు కర్మగా 'దట్' అను మాటతో మొదలగు ఉపవాక్యము. ఉపవాక్యములోని క్రియ మన బడులలో ప్రెజెంట్ పర్ఫెక్టు అని పేరొందిన కాలమున నుండును. తుమున్నర్థకమునకు స్వంతకాలము లేదు. కనుక అది తన వెంటనున్న ఉపవాక్యమును ఏ కాలములోనికిని ఈడ్వదు. ఈడ్వగలది ప్రధానక్రియ యొక్కటే. అది వర్తమానమున నున్నంతకాలము 'ఐ హావ్ సర్వ్‌డ్' అను మాట చెక్కుచెదరక నిలుచును. 'ఐ సర్వ్‌డ్' అన్నచో కొలువు ముగిసినది, కథ తీరినది. 'ఐ హావ్ సర్వ్‌డ్' అన్నచో చేసిన కొలువు నేటికిని లెక్కలో నున్నది. దాని ఫలమింకను రావలసియున్నది. అర్జీదారునకు కావలసినది సరిగా ఇదియే.

ఆ అర్జీ కచేరీలో ఒక బల్ల దాటగానే ఏమగునో చూడుడు. గుమాస్తా దానికి సంగ్రహము వ్రాయును: తాను చూచియుండెనని అతడు చెప్పెను, అని. ప్రధానక్రియ భూతమైనది గనుక 'హావ్' పోయి 'హాడ్' వచ్చును. డెన్మార్కు పండితుడు ఒట్టో యెస్పర్సన్ దీనిని కాలమును వెనుకకు జరుపుటగా వర్ణించెను. జరుపుటతో ఆగదు. 'చూచితిని', 'చూచియున్నాను', 'చూచియుంటిని' అను మూడును ఆ 'హాడ్ సీన్' అను ఒక్క రూపములో సాధారణముగా కలిసిపోవును. ఇంకొక మార్గమును గలదు: 'హి క్లెయిమ్స్ టు హావ్ సీన్' అని, ఉపవాక్యమునే తీసివేసి తుమున్నర్థకమునకు పర్ఫెక్టు రూపమును తొడుగుట. అందును మూడు కాలములు ఒక్కటగును. పైగా చూచినవాడు పలికిన వాక్యమే మాయమై, చూచినట్లు చెప్పుకొనుచున్నాడు అను సందేహచ్ఛాయ మిగులును. ఒకే మనిషి, ఒకే సంగతి. కాని దరఖాస్తులో నది హక్కు, ఫైలులో నది వట్టి మాట.

ఈ 'టు హావ్' రూపము ఇంగ్లండులోనే వివాదాస్పదమైనది. అమెరికాలో పుట్టి, న్యాయవాదిగా పనిచేసి, తుదకు యార్కు నగరము చెంత స్థిరపడిన లిండ్లీ మర్రే 1795లో ఆంగ్లవ్యాకరణమును ప్రకటించెను. 'వచ్చుటకు తలచితిని' అనవలసినచోట 'వచ్చియుండుటకు తలచితిని' అనుట తప్పని ఆయన నియమము. తలచిన క్షణమున రాక యింకను ముందున్నదే గదా యని హేతువు. తర్కము నిర్దుష్టమే. అయితే జనులు అట్లు పలుకుట మానలేదు. 1926లో ఫౌలర్ తన ప్రయోగనిఘంటువులో దీనిని అక్రమమనుచునే, తలచిన పని నెరవేరలేదను సూచన అందున్నదని గుర్తించి, వాడుక కింద చెల్లుబాటు చేసెను. మనము "రావలెననుకొంటిని" అన్నప్పుడు రాలేదను దిగులు వినిపించుట లేదా? అట్టిదే యిది.

మర్రే గ్రంథము మన దేశపు బడులకును వచ్చినది. ఆ శతాబ్ది చివర వాయవ్య పరగణాలు, అయోధ్యల విద్యాశాఖకు డైరెక్టరుగా నుండిన నెస్‌ఫీల్డు వ్యాకరణములు వెలువడినవి. 1930ల దశకమున రెన్, మార్టిన్‌ల పుస్తకము వచ్చినది. ఈ రెన్ ఎడారి సైనికుల సాహసకథలతో పేరొందిన నవలాకారుడే. ఆ పుస్తకమును తరువాత సంస్కరించినవాడు ఎన్.డి.వి. ప్రసాదరావు. డైరెక్టును ఇన్‌డైరెక్టుగా మార్చుడు, అను అభ్యాసముతో తరతరముల బాలురు వేగిపోయిరి. ఆ వేదనకు కారణము వారి మందబుద్ధి గాదు. వారి మాతృభాషలలో కాలము జరుగదు.

సంస్కృతమున పరుల మాట చెప్పునప్పుడు ఆ మాటను యథాతథముగా నుంచి, చివర 'ఇతి' అని చేర్తురు. తెలుగున 'అని', తమిళమున 'ఎన్ఱు', కన్నడమున 'ఎందు', దక్కను ఉర్దూలో 'బోల్‌కే' అదే పని చేయును. ఈ పోలికను కైపర్ 1967లో భారతీయ భాషాకుటుంబముల పరస్పర సంపర్కమునకు ఆధారములలో నొకటిగా చర్చించెను. తెలుగు ఇంకొక అడుగు ముందుకు పోయినది. "రామయ్య తాను చూచితినని చెప్పెను" అందుము. 'తాను' చెప్పుచున్నవాని మాట. 'చూచితిని' రామయ్య నోటిమాట. ఒకే ఉపవాక్యములో ఇద్దరి గొంతులును వినబడును. దీనిని ఆంగ్లమున పెట్టుటకు రామయ్య 'నేను' పోవలెను, రామయ్య కాలమును పోవలెను. ఆంగ్లమునకు అన్యాయము చేయరాదు. "రామయ్య నేను చూచితినని చెప్పెను" అన్నచో చూచినవాడెవడో తేలక మనమే తికమకపడుదుము, ఆంగ్లమున నా చిక్కు లేదు. పారసీకపు 'కి' మాటకు ముందు నిలిచి, ఈ రెండు పద్ధతులకును నడుమ వంతెనవలె నున్నది. 1837 చట్టము తరువాత కంపెనీ కచేరీలలో పారసీకము క్రమముగా తొలగినను, అర్జీ అను మాటయు, హిందీలో 'కి'యు మిగిలినవి.

ఇదంతయు వ్యాకరణపు గొడవ మాత్రమే యనుకొనువారు మద్రాసును స్మరింతురు గాక. గాజుల లక్ష్మీనరసు సెట్టి స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1852లో పార్లమెంటుకు మహజరు పంపెను. శిస్తు రాబట్టుటకై రైతులను హింసించుచున్నారనునది అందలి ఫిర్యాదులలో నొకటి. మరుసటి యేడు డాన్బీ సేమర్ అను పార్లమెంటు సభ్యుడు వచ్చి స్వయముగా విచారించెను. 1854లో కామన్స్ సభలో చర్చ జరిగినప్పుడు నమ్మనివారు పెక్కురు. ఆ యేడే విచారణ సంఘము నియమింపబడినది. ఇలియట్, స్టోక్స్, నార్టన్ దాని సభ్యులు. దానికి మొరపెట్టుకొనుటకు జనులు చాల దూరము నుండి వచ్చిరి. వారు పలికినది తెలుగు, తమిళము, తదితర భాషలు. "నన్ను ఎండలో నిలిపిరి, నా వ్రేళ్లను కిట్టిలో నొక్కిరి" అను తీరున, ఉత్తమపురుషలో. లండనులో చదువబడునది ఆంగ్లము. అనువాదకుని ముందు దారులు రెండు: వీరు హింసింపబడియున్నారని చెప్పుట, లేక హింసింపబడినట్లు వీరనుచున్నారని చెప్పుట. మొదటిదానిలో 'దట్' వెనుక సంగతి నిటారుగా నిలుచును. రెండవదానిలో 'అలెజ్డ్ టు హావ్ బీన్' అను ముసుగు పడును. 1855 నివేదిక హింస జరుగుచున్నమాట వాస్తవమని తేల్చెను. కాని దోషమును ప్రధానముగా దేశీయోద్యోగులపై మోపి, దొరలను తప్పించెను. నా దృష్టిలో ఆ నిర్ణయములోని పూర్వార్ధము అర్జీదారుల విజయము.

సర్కారు ప్రత్యుత్తరమును ఒకమారు చూడవలెను. "ఐ యామ్ డైరెక్టెడ్ టు సే దట్ గవర్నమెంట్ హావ్ డిసైడెడ్..." అని అది నడచును. అవే మూడు కీళ్లు: ప్రధానక్రియ, తుమున్నర్థకము, పర్ఫెక్టుతో కూడిన 'దట్' ఉపవాక్యము. అర్జీ నేర్పినవాడును జవాబు నేర్పినవాడును ఒక్కడే యనిపించును. కాని అర్జీలో ఆ పర్ఫెక్టు తలుపును తెరచి యుంచును. జవాబులో తలుపును మూయును. నిర్ణయము జరిగిపోయినది, ఇక మాటాడ పనిలేదు. నిర్ణయించినదెవరు? చెప్పుచున్నవాడు గాడు, అతడు ఆదేశింపబడినవాడు. ఆదేశించినదెవరో కర్మణిప్రయోగము దాచినది. అర్జీదారుడు 'నేను' అని నిలిచినచోట, ఎదుట ఎవడును లేడు.

స్వాతంత్ర్యము వచ్చినది. 1966లో ఆంధ్రప్రదేశమున తెలుగును అధికారభాషగా చేయు చట్టము వచ్చినది. కేంద్రప్రభుత్వ కార్యాలయములు హిందీలో లేఖలు వ్రాయ నారంభించినవి. ఆ లేఖలలో మొదటి వాక్యము "ముఝే యహ్ కహనే కా నిదేశ్ హుఆ హై కి" అని యుండును. తుమున్నర్థకము స్థానమున 'కహనే' ఉన్నది, ఆదేశించినవాని పేరు అక్కడను లేదు, 'హుఆ హై' పర్ఫెక్టే. 'దట్' పోయి పారసీకపు 'కి' తిరిగి తన చోటికి వచ్చినది.