అటారి 2600 ఆట పెట్టెల చిత్రకళ

అటారి 2600 ఆట పెట్టెల చిత్రకళ అనగా అమెరికాకు చెందిన అటారి సంస్థ 1977లో విడుదల చేసిన ఇంటి వీడియో గేమ్ యంత్రపు ఆటల అట్టపెట్టెలపై ముద్రించిన వర్ణచిత్రాలు. ఈ యంత్రపు ఆటలు కార్ట్రిడ్జి అనే చిన్న ప్లాస్టిక్ డబ్బీలలో వచ్చేవి. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క అట్టపెట్టె, దానిపై చేతితో గీసిన ఒక ముఖచిత్రం ఉండేవి. టీవీ తెరపై కొన్ని రంగు గళ్ళుగా మాత్రమే కనిపించే ఆటను ఈ చిత్రాలు యుద్ధరంగంగా, కోటగా, అంతరిక్షయానంగా చూపేవి. తెర చూపలేనిదానిని పెట్టె చూపేది. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే ఈ చిత్రకళకు గల ఆకర్షణకూ, దానిపై వచ్చిన విమర్శకూ కారణమైనది.

నేపథ్యం

ఈ యంత్రం 1977 సెప్టెంబరులో వీడియో కంప్యూటర్ సిస్టమ్ అనే పేరుతో అమెరికా అంగళ్ళలోకి వచ్చింది. 1982లో దీనికి అటారి 2600 అని పేరు మార్చారు. దీని తాత్కాలిక జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. ఒక్కొక్క ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చొప్పున లెక్కిస్తే ఇది రెండు పంక్తుల వ్రాతకు మించదు. తొలి కార్ట్రిడ్జిలలో ఆట మొత్తం 2 కిలోబైట్లలోనే ఇమిడి ఉండేది.

తెరపై బొమ్మ గీయుటకు ఈ యంత్రానికి గల సాధనాలు కూడా పరిమితమైనవే. కదిలే బొమ్మలు రెండు, వాటి క్షిపణులు రెండు, బంతి ఒకటి. వీటిని మాత్రమే యంత్రం నేరుగా చూపగలిగేది. కదిలే బొమ్మ వెడల్పు 8 చుక్కలు. వెనుక కనిపించే దృశ్యాన్ని అడ్డంగా 40 గళ్ళుగా విభజించేవారు; అందులో కుడి సగం సాధారణంగా ఎడమ సగానికి నకలుగానో, అద్దంలోని ప్రతిబింబంగానో ఉండేది. ఇట్టి సాధనాలతో మనిషి ముఖాన్ని గాని, చెట్టు ఆకులను గాని చూపుట సాధ్యం కాదు.

ఆ కాలంలో ఇంట్లో వీడియో గేమ్ ఆడుట అనేకమందికి కొత్త విషయం. ఆట ఎట్లుంటుందో కొనుగోలుదారుకు తెలిపే బాధ్యత చాలావరకు అంగడిలో వరుసగా పేర్చిన పెట్టెలపైనే పడినది.

చిత్రకారులు

యంత్రంతో పాటు తొమ్మిది ఆటలు విడుదలయ్యాయి. వీటిలో అధికభాగానికి ముఖచిత్రాలు వేసినవాడు క్లిఫ్ స్పాన్. తరువాత వచ్చిన చిత్రకారులకు ఇతని చిత్రాలే ఒరవడి అయ్యాయి. ఇతని తరువాత సూజన్ జేకెల్, రిక్ గైడిస్, హిరో కిమురా మొదలగువారు ఈ పనిలో పాల్గొన్నారు. రిక్ గైడిస్ 1970 దశకంలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కొరకు అంతరిక్షంలో మానవ ఆవాసాల ఊహాచిత్రాలు గీసినవాడు. అటారి సంస్థ చిహ్నాన్ని రూపొందించిన జార్జ్ ఆపర్‌మన్ కూడా ఆ సంస్థ చిత్రరచనా విభాగంలో ముఖ్యుడు.

పెట్టెపై చిత్రకారుని పేరు ప్రకటించే ఆనవాయితీ ఆనాడు అటారిలో లేదు. ఆటను రచించిన ప్రోగ్రామర్ల పేర్లు సైతం ప్రకటించేవారు కాదు. అందువలన లక్షలాది ఇళ్ళలో ఉన్న ఈ చిత్రాలను ఎవరు గీశారో అనేకమంది ఆటగాళ్ళకు దశాబ్దాల పాటు తెలియలేదు.

శైలి, లక్షణాలు

అనేక దృశ్యాలను ఒకే చిత్రంలో కలిపి కూర్చుట ఈ ముఖచిత్రాల ప్రధాన లక్షణం. ఒక పెద్ద రూపం మధ్యలో ఉండగా, దాని చుట్టూ చిన్న దృశ్యాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ కనిపిస్తాయి. 1960, 70 దశకాల అమెరికా సినిమా పోస్టర్లలో ఈ పద్ధతి ప్రచారంలో ఉండేది. ఆట పెట్టెకు ఇది మరింత తగినది. ఏలననగా, ఒక కార్ట్రిడ్జిలో ఒకే ఆట కాక, దాని రూపాంతరాలు అనేకం ఉండేవి. యంత్రంతో పాటు ఇచ్చిన కాంబాట్ అనే ఆట పెట్టెపై 27 ఆటలు అని ముద్రించి ఉంటుంది. యుద్ధ ట్యాంకులు, పాతకాలపు విమానాలు, జెట్ విమానాలు అన్నీ ఆ ఒక్క ముఖచిత్రంలోనే ఉన్నాయి.

రెండవ లక్షణం కదలిక. బొమ్మలలోని వ్యక్తులు, వాహనాలు నిశ్చలంగా నిలబడి ఉండవు. ఒక చర్య మధ్యలో పట్టుబడినట్లు ఉంటాయి. మూడవది రంగు. తొలి పెట్టెలకు ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క గాఢమైన రంగు చొప్పున వాడినందున, వరుసగా పేర్చినప్పుడు దూరం నుండి కూడా ఏ ఆట ఏదో గుర్తుపట్టుటకు వీలుండేది.

కొన్ని ప్రసిద్ధ ఉదాహరణలు

అడ్వెంచర్: వారెన్ రాబినెట్ రచించిన ఈ ఆట 1980లో విడుదలైంది. తెరపై వీరుడు ఒక చిన్న చతురస్రం. డ్రాగన్ బాతును పోలి ఉంటుందని ఆటగాళ్ళు నవ్వుకొనేవారు. సూజన్ జేకెల్ గీసిన ముఖచిత్రంలో మాత్రం కోట, చిక్కుదారులు, డ్రాగన్లు జానపద కథల పుస్తకంలోని బొమ్మవలె కనిపిస్తాయి. ప్రోగ్రామర్ల పేర్లు ప్రకటించని సంస్థ పద్ధతికి నిరసనగా రాబినెట్ తన పేరును ఆటలోని ఒక రహస్యపు గదిలో దాచాడు.

సూపర్ బ్రేకౌట్: తెరపై ఇది బంతితో ఇటుకల వరుసలను పగులగొట్టే ఆట. ముఖచిత్రంలో అంతరిక్ష యాత్రికుడు ప్రత్యక్షమవుతాడు. బంతి ఆటను అంతరిక్ష సాహసంగా మార్చినది చిత్రకారుని కుంచెయే.

యార్స్ రివెంజ్: హోవర్డ్ స్కాట్ వార్షా రచించిన ఈ ఆట 1982లో వచ్చింది. లోహంతో చేసినట్లుండే పెద్ద కీటకాన్ని హిరో కిమురా ముఖచిత్రంగా గీశాడు. ఈ ఆటతో పాటు కథను వివరించే ఒక చిన్న బొమ్మల పుస్తకం కూడా పెట్టెలో ఇచ్చారు. ఆడబోయే ముందు చిత్రం, కథ రెండూ ఆటగాని మనసులో స్థిరపడేవి. తెరపై కనిపించే చిన్న ఆకారానికి మిగిలిన రూపాన్ని అతడే ఊహించుకొనేవాడు.

విమర్శ, పోటీ సంస్థల మార్గాలు

పెట్టెపై ఉన్నది ఒకటి, లోపల ఉన్నది మరొకటి అన్నది ఈ చిత్రాలపై ప్రధాన విమర్శ. దీనికి సమాధానంగా పోటీ సంస్థలు వేరు మార్గాలు ఎంచుకున్నాయి. అటారిని వీడిన నలుగురు ప్రోగ్రామర్లు 1979లో, జిమ్ లెవీతో కలిసి, ఆక్టివిజన్ సంస్థను స్థాపించారు. వీరి పెట్టెలపై బొమ్మ తెరమీది ఆటకు దగ్గరగా ఉండేది. ఆట రచయిత పేరు కూడా ప్రకటించేవారు. 1982లో డేవిడ్ క్రేన్ రచించిన పిట్‌ఫాల్ ఇందుకు ఉదాహరణ. ఇమాజిక్ అనే మరొక సంస్థ వెండి రంగు పెట్టెలపై ఛాయాచిత్రాలను వాడినది.

ఈ దూరం ఎప్పుడూ హానికరం కాదు. ఆట బాగున్నప్పుడు చిత్రం దానికి తోడై ఊహకు ఊతమిచ్చేది. ఆట బాగులేనప్పుడు అదే చిత్రం మోసంగా తోచేది. 1982లో వచ్చిన పాక్‌మన్ అటారి 2600 రూపం లక్షల సంఖ్యలో అమ్ముడైనను, తెరపై మినుకుమినుకుమనే దయ్యాలు అనేకమందిని నిరాశపరచినవి. అదే సంవత్సరం చివర ఇ.టి. సినిమా ఆధారంగా సుమారు అయిదు వారాలలో తయారుచేసిన ఆట విఫలమైనది.

1983 పతనం, తరువాతి ప్రభావం

నాసిరకపు ఆటలు అంగళ్ళలో పేరుకుపోవుట, వ్యక్తిగత కంప్యూటర్ల పోటీ మొదలైన కారణాల వలన 1983లో అమెరికా వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. అటారి సంస్థ అమ్ముడుకాని సరుకును న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో పట్టణ చెత్తదిబ్బలో పూడ్చివేసింది. 2014 ఏప్రిల్‌లో ఆ చోట తవ్వినప్పుడు కార్ట్రిడ్జిలు, నలిగిన పెట్టెలు బయటపడ్డాయి. వాటిలో ఒక ఇ.టి. కార్ట్రిడ్జి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంగ్రహాలయానికి చేరింది.

1985లో జపాన్ సంస్థ నింటెండో తన యంత్రాన్ని అమెరికాలో విడుదల చేసినప్పుడు, తొలి ఆటల నల్లని పెట్టెలపై తెరమీది చుక్కల బొమ్మలనే పెద్దవిగా చేసి ముద్రించింది. కొనేవాడు పెట్టెపై చూసినదే ఇంట్లో తెరపై చూస్తాడు. నమ్మకం దెబ్బతిన్న విపణిలో ఇది ఒక హామీ వంటిది. అనంతర కాలంలో తెరమీది బొమ్మలు మెరుగుపడి, 2000 తరువాత ఆటలను ఇంటర్నెట్ ద్వారా నేరుగా పొందుట వ్యాపించడంతో పెట్టె అవసరమే తగ్గినది.

పరిరక్షణ

ప్లాస్టిక్ కార్ట్రిడ్జి కంటే అట్టపెట్టె ఆయుష్షు తక్కువ. తేమకు ఉబ్బుతుంది, ఎండకు రంగు వెలుస్తుంది. పైగా ఆటను బయటకు తీసిన తరువాత పెట్టెను పారవేయుట అనేక ఇళ్ళలో మామూలు. కావున నేడు విడి కార్ట్రిడ్జిలు సులభంగా దొరికే ఆటలకు కూడా మంచి స్థితిలో పెట్టెలు అరుదు. ఎయిర్ రెయిడ్ అనే అరుదైన అటారి 2600 ఆట 2010లో పెట్టెతో సహా 31,600 డాలర్లకు అమ్ముడైనది. అంతవరకు ఈ ఆటకు పెట్టె ఉన్న ప్రతి ఒక్కటీ వెలుగులోకి రాలేదు.

అయితే ధర పెరుగుట, కళ నిలుచుట ఒకటి కాదు. సేకరణదారుని బీరువాలో ఉన్న పెట్టె విద్యార్థి కంటపడదు. ఈ లోటును తీర్చినవాటిలో ముఖ్యమైనది 2016లో టిమ్ లాపెటినో ప్రచురించిన ఆర్ట్ ఆఫ్ అటారి అనే గ్రంథం. ఇందులో ముఖచిత్రాలను పెద్ద పరిమాణంలో ముద్రించి, వాటి చిత్రకారులను పేరుపేరున పరిచయం చేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో గల స్ట్రాంగ్ మ్యూజియం ఆటలతో పాటు వాటి పెట్టెలను, పత్రాలను కూడా భద్రపరుస్తున్నది. 2022లో వచ్చిన అటారి 50 అనే ఆటల సంకలనంలో పాత పెట్టెల చిత్రాలను తెరపైనే చూచుటకు వీలు కల్పించారు. 2023లో అటారి 2600+ పేరుతో పాత కార్ట్రిడ్జిలు ఆడగల కొత్త యంత్రం విడుదలైంది.

పాత ఆటల ప్రోగ్రాములను కంప్యూటర్లలో నకలు చేసి ఆడుట నేడు సాధ్యమే. కాని పెట్టె, దానిపై బొమ్మ, లోపలి సూచనల పుస్తకం లేకుండా అడ్వెంచర్ ఆడిన నేటి విద్యార్థికి తెరపై కనిపించేది చతురస్రం మాత్రమే. ఆనాటి పిల్లలు దానిలో వీరుని ఎట్లు చూశారో తెలియుటకు ఈ ముఖచిత్రమే ఆధారం. కావున పెట్టెను ఆట చుట్టూ ఉన్న కాగితంగా గాక, ఆటలో ఒక భాగంగా భద్రపరచవలసిన అవసరం ఉన్నది.