గాలానికి ఏ దారం?

మా తిరువూరు వైపు గాలం వేసేవాళ్ళు ఎర గురించి గంటసేపు వాదించుకుంటారు. దారం గురించి మాత్రం మాటే ఉండదు. దారం అంటే నైలాన్ వైరు, అంతే. ఈ నిశ్చింతకి వందేళ్ళ వయసు కూడా లేదు.

మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ‘టాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అచ్చు వేయించాడు. రెండోదాని పేరులోనే మన చెరువు ఉంది. ఆ కాలపు దొరల గాలానికి అల్లిన పట్టుదారం, దాని చివర ‘గట్’ ఉండేవి. గూడు కట్టబోయే పట్టుపురుగుని వెనిగర్‌లో నానబెట్టి, దాని పట్టుగ్రంథిని బయటికి లాగి సాగదీస్తే వచ్చే పోగు అది. స్పెయిన్‌లోని ముర్సియా దీనికి పేరుమోసిన చోటు. ఒక్కో పోగు మూరెడే కాబట్టి ముడి మీద ముడి వెయ్యాలి. వాడబోయేముందు తడిపి మెత్తబరచాలి. జపాన్‌లో ఇలాంటి దారాన్ని ‘తెగుసు’ అనేవారు. నైలాన్ వచ్చినా వాళ్ళు పేరు మార్చలేదు!

మన ఊళ్ళలో అయితే జనుము, నూలు. తడిగా చుట్టిపెడితే చీకిపోయేవి. అందుకే ఎండబెట్టడం, చెట్ల బెరడు కషాయంలో నానబెట్టడం.

1935లో డ్యుపాంట్ కంపెనీలో వాలస్ కరోథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. 1938లో దాన్ని లోకానికి ప్రకటించేనాటికి ఆయన లేడు, అంతకు ముందేడే ఆత్మహత్య చేసుకున్నాడు. ఎంత పొడవు కావాలంటే అంత, ముడి లేకుండా వచ్చే పోగు అది. మూరెడు గట్‌తో అవస్థపడ్డవాళ్ళకి ఇంకేం కావాలి? ఆ తర్వాత 1971లో జపాన్ కురేహా కంపెనీ ఫ్లోరోకార్బన్ దారం తెచ్చింది. దాని వక్రీభవన గుణకం 1.42, నీటిది 1.33, నైలాన్‌ది 1.53. అందుకే నీళ్ళలో అది నైలాన్ అంతగా కనబడదు. చివరగా పాలిథిలిన్ పోగుల అల్లిక దారం. సన్నగా ఉంటుంది, చాలా బలం, దాదాపు సాగదు, నీటి మీద తేలుతుంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం ట్రేడాఫ్ అనేది దీన్నే. బెండు కట్టి శీలావతికి వేస్తే నైలానే మేలు. అది సాగుతుంది కాబట్టి చేప ఒక్కసారిగా గుంజినా దెబ్బని ఓర్చుకుంటుంది. బురద చెరువులో ఫ్లోరోకార్బన్‌కి డబ్బు పొయ్యడం నా దృష్టిలో దండగ. నీళ్ళు తేటగా పారే చోట, అదీ చివరి బారెడు చాలు. వాలుగ పళ్ళకి ఏ దారమూ ఆగదు, కొక్కెం ముందు సన్నని ఉక్కు తీగ ఉండాల్సిందే. తూడుకాడల మధ్య కప్ప ఎరతో కొర్రమీనుకి మాత్రం అల్లిక దారం. అక్కడ సాగే దారం కడితే, అది సాగేలోపే చేప గుబురులోకి దూరిపోతుంది.

నూలు చీకిపోతుందనేగా అందరూ వదిలేసింది. తెగి నీళ్ళలో పడ్డ నూలు కొన్నాళ్ళకి మట్టిలో కలిసేది. నైలాన్ ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, అల్లిక దారమూ అంతే. దారాలు ఎక్కువ తెగేది కొర్రమీను దాక్కునే ఆ తూడులోనే. కొంగలు, నీటికోళ్ళు కాళ్ళు పెట్టి తిరిగేదీ అక్కడే.