అంబాసిడర్ ఇంజను: ఆయిల్ దీపం చెప్పిన కథ

బళ్ళారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా, ఒకప్పుడు పెళ్లివారిని దింపిందీ, పురిటి నొప్పుల మనిషిని ఆస్పత్రికి చేర్చిందీ చాలాసార్లు అంబాసిడర్ కారే. బెంగాల్‌లోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుంచి 2014 దాకా దీన్ని తయారు చేశారు. మూలం ఇంగ్లండు వారి మారిస్ ఆక్స్‌ఫర్డ్. చాలాకాలం దీన్ని నడిపిన 1489 సీసీ పెట్రోలు ఇంజను, 1947లో ఆస్టిన్ కంపెనీ మొదలుపెట్టిన బి-సిరీస్ వంశానిది.

లైసెన్సుల రోజుల్లో కొత్త కారు కావాలంటే ఏళ్ల తరబడి కాచుకోవాలి. అందుకని ఉన్న ఇంజనునే బాగుచేసుకుంటూ బతికించుకోవలసి వచ్చింది. మన ఊళ్ల షెడ్లలో మేస్త్రీల విద్య పెరిగింది అలాగే.

వాళ్ల దగ్గరికి తరచుగా వచ్చే ఫిర్యాదు ఇది: ‘బండి వేడెక్కితే ఆయిల్ దీపం వెలుగుతోంది, లాగడమూ లేదు.’ తొందరపాటు మేస్త్రి ‘బేరింగులు పోయాయి, ఇంజను దించాలి’ అనేవాడు. టాక్సీ నడుపుకునేవాడికి అది అప్పు చేయవలసిన మాట.

నిదానస్థుడు ముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూసేవాడు. పెట్రోలు వాసన వస్తే, పెట్రోలు పంపులోని డయాఫ్రం చిరిగి ఆయిల్లో పెట్రోలు కలుస్తున్నట్టు. పలచబడిన ఆయిల్‌కు ఒత్తిడి నిలవదు. తరువాత దీపం స్విచ్చి విప్పి, ఆ చోట గేజీ బిగించేవాడు. ఎందుకంటే స్విచ్చి కూడా అబద్ధమాడుతుంది! బండి వేగంలో ఉండగా 50 పౌన్ల దరిదాపుల్లో ముల్లు నిలిస్తే భయం లేదు. వేగంలోనూ పడిపోతుంటే రిలీఫ్ వాల్వులో నలక చిక్కిందా, స్ప్రింగు నీరసించిందా అని చూడాలి. బరువు మీద కింది నుంచి దడదడ వినిపిస్తే మాత్రం బేరింగుల మాట నిజమే.

ఇక లాగకపోవడం సంగతి. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల మడమ అరిగితే సందు తగ్గుతుంది. పాయింట్లు ఆలస్యంగా విడివడతాయి, నిప్పురవ్వ ఆలస్యంగా పడుతుంది. ఉండవలసిన సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు. రవ్వ ఆలస్యమైతే బలం తగ్గి ఇంజను కాగుతుంది, కాగితే ఆయిల్ ఇంకా పలచబడుతుంది, దీపం వెలుగుతుంది. రెండు జబ్బులనుకున్నది ఒకటేనన్నమాట! పాయింట్లు సరిచేసి, టెస్టు బల్బుతో టైమింగు పెట్టి, మళ్లీ గేజీ చూస్తే చాలాసార్లు ఇంజను దించే పని తప్పేది.

ఈ ఇంజనులో ఆయిల్ పంపూ, డిస్ట్రిబ్యూటరూ తిరిగేది ఒకే క్యామ్‌షాఫ్ట్ మీద. దాన్ని తిప్పే గొలుసు సాగితే వాల్వులూ, రవ్వా కలిసి వెనకబడతాయి; ముందు వైపు నుంచి గొలుసు గలగల వినిపిస్తుంది. అప్పుడు పాయింట్లు ఎంత సరిచేసినా టైమింగు నిలవదు, గొలుసు మార్చవలసిందే. డీజిలు అంబాసిడర్లకు పాయింట్లూ లేవు, రవ్వా లేదు. వాటి కథ వేరు.