అత్తిలినాటి శాసనము: శీలవిచారము

ఒక కార్యము ధర్మ్యమగుట కర్తయొక్క జన్మమువలననా, శీలమువలననా, ఫలమువలననా? ఈ ప్రశ్నను నీతిశాస్త్రములందే కాక శాసనములందును పరిశీలింపవచ్చును. పశ్చిమగోదావరి మండలమందలి అత్తిలి ప్రాంతమునకు సంబంధించిన కలుచుంబఱ్ఱు తామ్రశాసనము ఇందులకు మిక్కిలి తగినది.

ఇది క్రీ.శ. 945 మొదలు 970 వఱకు పాలించిన వేంగీచాళుక్యరాజు రెండవ అమ్మరాజు నాటిది. అత్తిలినాణ్డు విషయమందలి కలుచుంబఱ్ఱు గ్రామమును అర్హనంది యను జైనాచార్యునకు రాజు దానమొసగెను. సర్వలోకాశ్రయ జినభవనమునకు చెందిన సత్రమును, అనగా భోజనశాలను, బాగుచేయించుటకై యీ దానము జరిగినది. దీనికి ప్రేరకురాలు పట్టవర్ధిక వంశజయైన చామెకాంబ. ఆమె అర్హనందికి శిష్యురాలు, శ్రావకి. గణిక యని చరిత్రకారులు చెప్పిరి.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగియున్నది. మనుస్మృతి నాల్గవ అధ్యాయము గణికాన్నమును భుజింపరాని యన్నములలో చేర్చినది. ఆ నిషేధము దాత యెవరని విచారించును. దాతయొక్క ఉద్దేశమును విచారింపదు. అది శౌచమునకు సంబంధించిన విధి. శాసనకర్తయో చామెకాంబ వంశమును పేర్కొనియు, దానము, దయ, శీలము అను గుణములచే ఆమెను ప్రశంసించెను. జైనులు చెప్పు చతుర్విధదానములలో ఆహారదానమొకటి. స్మృతి యెవరి యన్నమును వర్జింపుమన్నదో, ఆమె ప్రేరణముననే ఇచ్చట అన్నశాల నిలిచినది. ప్రశస్తి జీవితచరిత్ర కాదు గనుక చామెకాంబ యథార్థశీలమును దీనివలన నిర్ణయింపలేము. కాని పదవ శతాబ్దమున ఈ సీమలో శౌచమును శీలమును వేర్వేఱుగా తలంచిన వారుండిరని మాత్రము నిశ్చయింపవచ్చును.

అయినను విచారము ఇంతటితో ముగియదు. గ్రామదానమనగా ఆ గ్రామమునుండి రాజునకు రావలసిన ఆదాయమును దానము చేయుట. ఆ యాదాయము కృషీవలుర శ్రమఫలము. తూర్పు చాళుక్య శాసనములందు రాజు రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులను సంబోధించి తన యాజ్ఞను వినిపించుట పరిపాటి. వారు ఆజ్ఞను వినువారే కాని సమ్మతి నడుగబడినవారు కారు. పుణ్యము రాజునకును ప్రేరకురాలికిని చెందగా, భారము పేరులేనివారిపై నిలిచినది.

కావున ఉద్దేశము మంచిదగుట, ఫలము లోకహితమగుట మాత్రమే చాలదు. సాధనముకూడ న్యాయ్యము కావలెను. సర్వలోకాశ్రయ యనునది చాళుక్యుల బిరుదము. ఆ లోకమున పొలము దున్నినవానికిగల స్థానమెట్టిదో విచారించినప్పుడే యీ దానముయొక్క ధార్మికమూల్యము సంపూర్ణముగా తెలియును.