ఈజిప్టు ఉపాధ్యక్ష పదవి

రేడియో వృత్తిలోని వారము గనుక చరిత్రను కంఠస్వరములతో గుర్తుంచుకొనుట మాకు అలవాటు. ఈజిప్టు చరిత్రలో అట్టి స్వరములు మూడు. 1970 సెప్టెంబరు 28న నాసర్ మరణవార్తను దేశమునకు వినిపించినది ఉపాధ్యక్షుడు అన్వర్ సాదత్. 1981 అక్టోబరు 6న సాదత్ మరణమును ప్రకటించినది ఉపాధ్యక్షుడు హోస్నీ ముబారక్. 2011 ఫిబ్రవరి 11న ముబారక్ గద్దె దిగెనని చెప్పినది ఉపాధ్యక్షుడు ఒమర్ సులేమాన్. మొదటి యిద్దరు అధ్యక్షులైరి. మూడవ ఆయన కాలేదు.

మన ఉపరాష్ట్రపతిని పార్లమెంటు ఉభయసభల సభ్యులు ఎన్నుకొందురు. ఈజిప్టున అట్లు గాదు. అధ్యక్షుడు తలచినచో ఒకరిని నియమించును, నలుగురిని నియమించును, లేదా అసలే నియమింపడు. 1958లో ఈజిప్టు, సిరియాలు ఒకే గణతంత్రమైనప్పుడు నాసర్ నలుగురిని నియమించెను: ఇద్దరు ఈజిప్టువారు, ఇద్దరు సిరియావారు. అది అధికారము పంచుటకన్న మర్యాద పాటించుటయే అని మాకు తోచును. 1961లో సిరియా విడిపోయినది.

1969 డిసెంబరులో నాసర్ సాదత్‌ను ఉపాధ్యక్షుని జేసెను. ఏడాది తిరుగకముందే నాసర్ గతించెను. ఈయన ఎంతకాలము నిలుచునులే అని అనుకొన్నవారే ఎక్కువ. వారి అంచనా తప్పినది. తన ఉపాధ్యక్షులలో ఒకడైన అలీ సబ్రీని 1971 మేలో సాదత్ తొలగించెను. వెంటనే చెరసాలకు పంపెను. 1975లో వైమానిక దళాధిపతిగానున్న ముబారక్‌ను ఆ పదవికి తెచ్చెను.

ఇచట ఒక విశేషము గలదు. 1971 రాజ్యాంగము ప్రకారము అధ్యక్షుడు మరణించినచో తాత్కాలికాధికారము శాసనసభ స్పీకరునకు చెందును, ఉపాధ్యక్షునకు గాదు. 1981లో స్పీకరు సూఫీ అబూ తాలిబ్ ఎనిమిది దినములు ఆ స్థానమున ఉండెను. అయినను పీఠము ముబారక్‌కే దక్కినది. చట్టమీయని వారసత్వమును వాడుక యిచ్చినది.

ఆ వాడుక బలము ముబారక్‌కు తెలియకుండునా? దాదాపు ముప్పదియేండ్లు ఆయన ఉపాధ్యక్షునే నియమింపలేదు. తానెక్కిన నిచ్చెనను మరియొకరికి అందనీయలేదు. 2011 జనవరిలో కైరో వీథులు ప్రజలతో నిండిన పిదప, 29వ తేదీన, గూఢచారిశాఖాధిపతి సులేమాన్‌ను నియమించెను. పదమూడు దినములలో అంతయు ముగిసినది. అధికారము సైనిక మండలికి పోయినది.

2012లో మహమూద్ మెక్కీ నాలుగు మాసములుండి డిసెంబరులో రాజీనామా చేసెను. 2013 జూలైలో వచ్చిన ఎల్‌బరాదేయి, ఆగస్టు 14న కైరోలో నిరసనకారులను బలప్రయోగముతో చెదరగొట్టిన నాడే పదవి వదలెను. 2014 రాజ్యాంగమున ఉపాధ్యక్ష పదవియే లేదు. 2019 సవరణ దానిని మరల తెచ్చినది. నియమించుట, మానుట మాత్రము పూర్వమువలెనే అధ్యక్షుని యిష్టము.